పసుపింట్లో పండ్ల క్లిప్పులు

పెండ్లయి నెల దాటినా నాకింకా నిద్ర తీరలేదు. పొద్దున్నే కౌశిక్ చాయ్ తెచ్చి చేతికిస్తాడు. దాని మీద కట్టిన మీగడను చూసి కూడా మురిసిపోతాను, అది పెదవికి అంటుకుంటే నవ్వుకుంటాను. కప్పు కింద పెట్టేసరికి మళ్ళీ కళ్ళు మూతలు పడతాయి. పెండ్లి పనులతో పిల్ల అలసిపోయిందని మా అత్తమ్మ రజని పక్కింటివాళ్ళకు చెబుతోంది. పనులన్నీ చేసింది మా అమ్మానాన్నలే. పెండ్లి రోజున నోరారా నవ్వాలని నేనొక ఏర్పాటు చేసుకున్నాను. ఒంట్లో సత్తువంతా దానికే ఖర్చయిపోయింది.

నా పైవరుసలో కుడివైపు కోరపన్ను పక్కదాని మీదికెక్కి కూర్చుంది. చిన్నప్పుడు ఎవరో పిల్లలు ఏదో అన్నారు. ఏమన్నారో ఇప్పుడు గుర్తు లేదు కానీ, అప్పటి నుంచి నవ్వు రాగానే అరచెయ్యి దానంతటదే మూతి మీదికి వచ్చేది. డిగ్రీలో నా పక్క బెంచీలో కూర్చున్న హిబా, నీ నవ్వు నేను విన్నదే గాని చూసింది లేదని వెక్కిరించేది. ఇప్పుడు హిబా ఆర్మూరులో బ్యూటీపార్లర్ నడుపుతోంది. నా పెండ్లి ముస్తాబు తానే చేస్తానని, ఇంకా నాకు సంబంధాలు చూడకముందే మాట తీసుకుంది.

కౌశిక్‌ది కమ్మర్‌పల్లి. వ్యవసాయ విస్తరణాధికారిగా ఉద్యోగం, ఇంటికి సొంత పసుపు సాగు. మా బాపు నారాయణదాస్ ఆర్మూరులో పసుపు అడ్తిదారు. రైతులు తెచ్చిన పంటను కొనేవాళ్ళకు అమ్మిపెట్టడం ఆయన పని. చూపుల రోజునే కౌశిక్ నాకు నచ్చాడు. చాయ్ తాగేటప్పుడు బిస్కెట్ విరిగి కప్పులో పడితే, అందరూ చూస్తుండగానే వేలితో తీసుకుని తిన్నాడు. నాకు ఎంత నవ్వొచ్చిందంటే, మూతి మూసుకుని లోపలికి పరుగెత్తాల్సి వచ్చింది.

కార్తీకంలో నిశ్చితార్థం అయింది. ఫోటోగ్రాఫర్ నర్సింలు జర నవ్వండి మేడం, జర నవ్వండి మేడం అని ఎంత బతిమాలినా నేను పెదవులు విప్పలేదు. ఫోటోలు వచ్చాక చూస్తే, కౌశిక్ పక్కన నన్నెవరో బలవంతంగా కూర్చోబెట్టినట్టు ఉన్నాను. వాటిని చూసిన కౌశిక్ మేనత్త మా అమ్మకు ఫోన్ చేసి, పిల్లకు ఇష్టమేనా వదినా అని అడిగిందట. అమ్మ నవ్వి దాటేసింది. నేను దాటెయ్యలేకపోయాను. అంత ఇష్టం కడుపులో పెట్టుకుని, లోకానికి ఏడుపు ముఖం చూపించానా అనిపించింది. పెండ్లి రోజున పండ్లన్నీ కనపడేలా నవ్వుతానని ఆ రోజే పంతం పట్టాను. ఈ సంగతి కౌశిక్‌కు ముందే చెప్పకూడదనీ, పీటల మీదే చూపించి ఆశ్చర్యపరచాలనీ అనుకున్నాను. నా కష్టాలన్నిటికీ మూలం ఆ రెండో ఆలోచన.

లగ్గం వైశాఖంలో పెట్టారు. మా అడ్తి ఇళ్ళల్లో సీజన్‌లో పెండ్లిళ్ళు చెయ్యరు. సంక్రాంతి దాటిందంటే పంట దిగుతుంది. అప్పుడిక ఇల్లూ దుకాణమూ గోదామూ ఒకటైపోతాయి. వైశాఖానికైతే బాపు చేతులు ఖాళీ అవుతాయి, నా పన్ను కూడా వరుసలోకి వస్తుంది. అన్నీ కలిసొచ్చాయని సంబరపడుతూ అమ్మను వెంటబెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. మాక్లూర్ దాటేదాకా ఫోన్‌లో పెండ్లికూతుళ్ళ నవ్వులు చూస్తూ, నాకు కావలసిన నవ్వొకటి ఏరుకున్నాను.

పండ్ల డాక్టర్ విజయశ్రీ నా నోరు చూసి, ఏ ఊరని అడిగింది. ఆర్మూర్ అన్నాను. ఇంట్లో ఏం చేస్తారంది. పసుపు అడ్తి అన్నాను. ఆమె చేతిలో ఉన్న తెల్ల క్లిప్పుల నమూనాను బల్ల మీద పెట్టేసి, స్టీల్‌వి తీసింది.

"ఇవి పెట్టుకో అమ్మా. తెల్లవి మీ ఇంట్ల ఆగవు."

తెల్లవి పంటి రంగులోనే ఉండి కనపడవని నేను అప్పటికే చదువుకుని వచ్చాను. తీగను పట్టి ఉంచే చిన్న చిన్న రబ్బరు రింగులు కూడా గాజులా ఉంటాయి. కౌశిక్‌కు తెలియకుండా పని జరగాలంటే అవే కావాలి. పసుపు తినడం మానేస్తానని డాక్టర్‌కు మాటిచ్చి తెల్లవే పెట్టించుకున్నాను. మా అమ్మ భాగ్యవతి నా పక్కనే కూర్చుని వింటోంది. ఆ మాటకు ఆమె ఉలిక్కిపడడం నేను చూశాను కానీ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి, నాకు వేరుగా పసుపు లేకుండా వండమని అమ్మనడిగాను. సరేనంది. వారం తిరిగేలోపు రింగులు లేత నిమ్మపండు రంగుకు వచ్చాయి. మళ్ళీ బస్సు, మళ్ళీ డాక్టర్, మళ్ళీ కొత్త రింగులు. ఈసారి బంతిపువ్వు రంగుకు వచ్చాయి. గాజులాంటివని చెప్పి నాసిరకంవి పెట్టారని విజయశ్రీ గారితో వాదనకు దిగాను. ఆమె నన్ను జాలిగా చూసి, ఇంట్లో వంట ఎవరు చేస్తారని మాత్రం అడిగింది.

ఆ మధ్యాహ్నం వంటింట్లోకి చప్పుడు కాకుండా వెళ్ళాను. పొయ్యి మీద నా టమాట కూర విడిగా చిన్న గిన్నెలో ఉడుకుతోంది. అమ్మ పోపుల డబ్బాలోంచి వేలికొసతో ఇంత పసుపు తీసి, అందులో వేసి, గబగబా కలిపేసింది. టమాట ఎరుపులో అది కనపడలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తప్పు చేస్తూ దొరికిపోయిన ముఖం కాదది. భయపడ్డ ముఖం.

"పసుపు లేని కూర చావైనింట్ల వండుతరు బిడ్డా. పెండ్లి కుదిరిన పిల్ల ముందట గసొంటి కూర పెట్టుమంటే నాకు చెయ్యి ఎట్ల వస్తది?"

కోపం వచ్చింది, అరిచాను కూడా. పసుపు లేకుంటే మనుషులు చచ్చిపోరని సైన్సు చెప్పాను. ఆమె కొంగుతో గిన్నె దించింది. మా నానమ్మ పోయినప్పుడు ఇంట్లో పది రోజులు తెల్ల కూరలే ఉండడం, నేను తిననని మారాం చేస్తే అమ్మ నన్ను పక్కింటికి పంపి తినిపించడం అప్పుడు గుర్తొచ్చింది. ఆమెతో కొట్లాడే ఓపిక ఇక నాకు లేకపోయింది.

చివరికి దారి చూపింది హిబా. పార్లర్‌లో నా ముఖానికి ఏదో తెల్లటి ముద్ద పూస్తూ కథంతా విన్నది. "ఇంత ఫికర్ దేనికి యార్? బగారన్నం తిను. దాంట్ల పసుపు ఉండదు, పెండ్లిళ్ళకు అదే పెడ్తరు. మీ అమ్మ ఏమంటది ఇగ?"

అమ్మ వెంటనే ఒప్పుకుంది. బగారన్నం శుభకార్యాల వంట. లవంగం, చెక్క, పుదీనా వేసి ఘుమఘుమలాడుతూ తెల్లగా ఉంటుంది. పక్కన పెరుగు పచ్చడి. మొదటి రోజు ఇద్దరం ఎంత సంతోషపడ్డామో. అమ్మ నా పళ్ళెం అంచున తమలపాకు కూడా పెట్టింది. ఆ తర్వాత రోజూ అదే. పొద్దున బగారా, రాత్రి బగారా. పెండ్లి కాకముందే ఊరందరి పెండ్లి భోజనాలూ నేనొక్కదాన్నే తినేసినట్టయింది. లవంగం వాసన తగిలితే ముక్కు మూసుకునేదాన్ని. పక్క గదిలో బాపు పప్పుచారు జుర్రుకుంటుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

పండ్ల పని ఒకటైతే, మిగతా అలంకారం పని మరొకటి. వారానికో ఫేషియల్. జాకెట్టు కొలతలకు వెళ్ళిన ప్రతిసారీ టైలర్ రజాక్ భాయ్, బగారా బాగా పడుతున్నట్టుందని కుట్లు విప్పేవాడు. హిబా నా మీద మూడు రకాల ముస్తాబులు వేసి చూసింది. ప్రతిదానికీ మా పిన్నులు వచ్చి కూర్చుని తలా ఒక మాట అనేవాళ్ళు. ఒకరికి కాటుక ఎక్కువ, ఒకరికి తక్కువ. లిప్‌స్టిక్ రంగుల దగ్గర హిబా కూడా చేతులెత్తేసింది. మెరూన్ వేస్తే రింగులు మరీ పసుప్పచ్చగా కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి, గులాబీ వేస్తే ఇంకా ఎక్కువ. నీ పండ్లకు మ్యాచింగ్‌గా చీరే పసుపుది తీసుకుందాం నడువు అంది. నవ్వబోయి దవడ నొప్పికి ఆగిపోయాను. తీగ బిగించిన వారమంతా దవడలు సలుపుతూనే ఉండేవి.

బగారా తింటున్నా రింగులు ఎందుకు పసుపెక్కుతున్నాయో సీజన్ మొదలయ్యాక తెలిసింది. గోదాం మా ఇంటి వెనకే. బస్తాలు దింపుతున్నప్పుడల్లా పొడి లేచి కిటికీల్లోంచి వచ్చి మంచం మీదా, నీళ్ళ బిందె మీదా, ఆరేసిన బట్టల మీదా వాలుతుంది. పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీలుస్తున్నాను కాబట్టి దాన్ని ఎన్నడూ విడిగా చూడలేదు. మా ఊళ్ళో నోరు తెరిచి ఊపిరి తీసుకుంటే చాలు, తెల్ల రింగులు ఆగవు. డాక్టర్ ఊరి పేరు అడిగింది అందుకే.

ఇదంతా ఒకెత్తు, కౌశిక్ ఒకెత్తు. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాడు. నేను చున్నీ మూతికి అడ్డం పెట్టుకునేదాన్ని, లేకపోతే నెట్ లేదని కెమెరా ఆపేసేదాన్ని. దవడ నొప్పికి రెండు ముక్కల్లో జవాబు చెప్పేదాన్ని. ఆయన ఏదైనా తమాషాకు అంటే నవ్వాపుకోవడానికి పెదవులు బిగించి పక్కకు చూసేదాన్ని. పీటల మీద చూడు బాబూ, అప్పుడు చూడు అని లోపల్లోపల మురిసిపోతూ ఉండేదాన్ని. మెల్లగా ఆయన తమాషాలు తగ్గించాడు. తర్వాత కాల్స్ కూడా తగ్గాయి. సీజన్ పనిలో ఉన్నాడేమో అనుకున్నాను.

అంతలో పంతులు పంచాంగం మళ్ళీ తిరగేసి, వైశాఖంలో పెట్టిన ముహూర్తానికి మూఢం అడ్డొస్తుందన్నాడు. ఉంటే ఫాల్గుణంలో ఉంది, లేకపోతే శ్రావణం దాకా ఆగాలన్నాడు. రెండు వైపుల పెద్దలూ ఫాల్గుణానికే ఒప్పుకున్నారు. బాపు తల పట్టుకున్నాడు. మా వంశంలో సీజన్ నడుమ పెండ్లి ఎవరూ చెయ్యలేదు. నేను డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను.

పన్ను సగం దారిలో ఉందని విజయశ్రీ గారు చెప్పింది. ఇప్పుడు తీసేస్తే మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది, పడ్డ కష్టమంతా వృథా. ఉంచుకుంటే పెండ్లికి క్లిప్పులతోనే కూర్చోవాలి. అమ్మ తీసెయ్యమంది. పెండ్లి ఫోటోలు జన్మంతా ఉంటాయి, పన్ను సంగతి తర్వాత చూసుకోవచ్చంది. హిబా ఉంచమంది. పిన్నులు చెరో పక్షం చేరారు. నేను ఎవరు ఏమన్నా తలూపుతూ, బగారా ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టసాగాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కమ్మర్‌పల్లి నుంచి కౌశిక్ వాళ్ళ పంట వచ్చింది. కాబోయే వియ్యంకుడి దుకాణానికే పంపాలని వాళ్ళ నాన్న పట్టుబట్టాడట. బండితో పాటు కౌశిక్ కూడా వచ్చాడు. బాపు మార్కెట్ యార్డులో ఉన్నాడు. అమ్మ నా చేతికి మజ్జిగ గ్లాసిచ్చి గోదాంలోకి పంపింది.

బస్తాల వరస పక్కన నిలబడి ఉన్నాడు. జుట్టూ కనుబొమ్మలూ పసుపు పొడి పట్టి ముసలాయనలా ఉన్నాడు. చూడగానే నాకు నవ్వొచ్చింది, అలవాటుగా పెదవులు బిగించి గ్లాసు చాచాను. ఆయన తీసుకోలేదు. హమాలీలు అవతలి వైపు వెళ్ళేదాకా ఆగి, చిన్న గొంతుతో అన్నాడు.

"సాహితీ, నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడన్నా చెప్పు. మా ఇంట్ల నేను చెప్పుకుంట. నాకే వద్దని చెప్త. నీ మీదికి రానియ్య."

మజ్జిగ తొణికి చేతి మీద పడింది. కాదు అనడానికి నోరు తెరవబోయాను. పెదవి లేస్తే కనపడుతుందని అలవాటు కొద్దీ మళ్ళీ మూసేసుకుని, అడ్డంగా తల ఊపాను. దాన్ని ఆయన ఇష్టం లేదన్నట్టే అర్థం చేసుకున్నాడని ముఖం చూస్తే తెలిసింది. సరే అన్నట్టు తలవంచుకుని బండి వైపు తిరిగాడు.

గ్లాసు బస్తా మీద పెట్టి, ముందుకెళ్ళి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగాను. రెండు పెదవులూ వేళ్ళతో విప్పి, దవాఖానలో డాక్టర్‌కు చూపినట్టు పండ్లన్నీ చూపించాను.

చాలాసేపు చూశాడు. కొంచెం వంగి, కింది వరుస కూడా చూశాడు.

"పసుపు రంగువి గూడ దొరుకుతయా?" అన్నాడు.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నవ్వు. కడుపు పట్టుకుని, గోదాం రేకులు మోగేలా నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోవాలన్న ధ్యాస లేదు. పొడి గొంతులోకి పోయి దగ్గు వచ్చింది, దగ్గుతూ నవ్వాను. కౌశిక్ నవ్వలేదు. బస్తా మీద కూలబడ్డాడు. నా మజ్జిగ గ్లాసు తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. కోపమొచ్చిందని అర్థమైంది. నాకు తెలియకుండా ఇన్ని నెలలు ఇదా నీ పని అన్నాడు. ఏ రోజూ నేను తన ముఖం చూడకపోతే, తాను ఏమన్నా పక్కకు తిరిగిపోతే తానేమనుకోవాలన్నాడు. లగ్గం ముందుకు జరిగిందని తెలిశాక, ఒక్కసారి ఆర్మూరు పోయి పిల్లను అడిగొస్తానని వాళ్ళమ్మతో చెప్పి వచ్చాడట. పంట బండి ఒక సాకు.

నేను మొత్తం చెప్పాను. కోరపన్ను, చూపుల నాటి బిస్కెట్, మేనత్త ఫోన్, టమాట కూర, బగారా. చెబుతుంటే నాకే నీరసమొచ్చి పక్క బస్తా మీద కూర్చున్నాను. ఇప్పుడు తీసెయ్యమని అమ్మ, వద్దని హిబా అంటున్నారని కూడా చెప్పాను.

"నువ్వేమంటవు?"

"నాకు చాతనైతలేదు. ఎవరన్న ఒకరు చెప్తే చేస్త."

"నేనైతే చెప్ప," అన్నాడు. "కని ఫోన్ చేసినప్పుడు మూతి మీది గా చున్నీ తియ్యి."

ఆ సాయంత్రం కెమెరా ముందు చున్నీ లేకుండా కూర్చున్నాను. కాల్ అయ్యాక అమ్మ దగ్గరికి వెళ్ళి, క్లిప్పులు తియ్యనని చెప్పాను, రాత్రికి పప్పుచారులో నాక్కూడా పొయ్యమన్నాను. అమ్మ పోపుల డబ్బా తీసింది. అంత రుచైన పప్పుచారు నా జన్మలో నేనెరగను. మూడుసార్లు కలుపుకున్నాను.

పెండ్లికి ముందు మైలపోలు రోజున పిన్నులు నలుగు పెడుతూ, దాచుకునేది ఏముందిక అని నా బుగ్గలతో పాటు పెదవుల మీదా పసుపు రాశారు. పెండ్లి పీటల మీద మాత్రం నేను అనుకున్నదేదీ అనుకున్నట్టు జరగలేదు. హిబా అంత శ్రద్ధగా పెట్టిన కాటుక చెమటకు జారింది. జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర దించారు. కౌశిక్ నన్ను చూసి, ఎవరికీ వినపడకుండా, కలర్ ఇంకా మంచిగ పట్టింది అన్నాడు. అంతే. తలంబ్రాలు అయ్యేదాకా నేను నవ్వు ఆపలేకపోయాను. నర్సింలు కెమెరా ఆగకుండా టకటక కొట్టుకుంది. ఆ రాత్రికి నా దవడలు తీగ బిగించిన రోజు కన్నా ఎక్కువ నొప్పి పెట్టాయి.

నిన్న నర్సింలు ఆల్బమ్ నమూనా పట్టుకుని కమ్మర్‌పల్లి వచ్చాడు. అచ్చుకు వెళ్ళే ముందు మేం చూసి సరే అనాలి. మొదటి పేజీ తిప్పగానే నాకు వింతగా అనిపించింది. రెండో పేజీ, మూడో పేజీ. ప్రతి ఫోటోలోనూ నా పండ్లు తెల్లగా, వరుసగా, ముత్యాలు పేర్చినట్టు ఉన్నాయి. తీగ లేదు, రింగులు లేవు, కోరపన్ను లేదు.

"మీరు చెప్పకముందే నేనే చేసిన మేడం," అన్నాడు నర్సింలు. "ఒక్కొక్క పన్ను కూసొని చేసిన."

మాక్లూర్ దారిలో బస్సులో కూర్చుని నేను ఏరుకున్న నవ్వు అచ్చం ఇలాంటిదే. అందంగా ఉంది, అబద్ధమెందుకు. అప్పటికే అమ్మకు వాట్సాప్‌లో పంపాడట. అమ్మ ఫోన్ చేసి, ఫ్రేము కట్టించి హాల్లో పెడతానని సంబరంగా చెప్పింది. నేను వద్దనలేదు. నా పళ్ళెం అంచున తమలపాకు పెట్టిన మనిషిని వద్దనడానికి నోరు రాలేదు.

కౌశిక్ మాత్రం పేజీ దగ్గరికి వంగి, దూరం జరిగి, మళ్ళీ వంగి చూశాడు. ఈమె ఎవరని నన్నడిగాడు. అడ్డుతెర దించినప్పటి ఫోటో మార్చకముందుది ఉందా అని నర్సింలును అడిగాడు. నర్సింలు అయిష్టంగా లాప్‌టాప్ తెరిచి వెతికాడు. తెర మీద నా ముఖం వచ్చింది. కళ్ళు మూసుకుపోయి, ముక్కు ముడతలు పడి, కాటుక జారి, నోరంతా పసుపు. నా నవ్వు ఎలా ఉంటుందో నేను చూడడం అదే మొదటిసారి. ఎదురుగా కౌశిక్, ఊపిరి పీల్చుకున్నవాడిలా నా వైపు చూస్తున్నాడు.

ఆ ఒక్క పేజీ మాత్రం ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నాను. మిగతావన్నీ నర్సింలు ఇష్టం.

నర్సింలు లాప్‌టాప్ మూశాడు. "మీ ఇష్టం మేడం. కని గా పేజీ మీద మా స్టూడియో పేరు మాత్రం వెయ్య," అన్నాడు.

అత్తమ్మ ఆయనకు చాయ్ ఇచ్చింది. నేను ఆవులిస్తూ లోపలికి వెళ్ళి పడుకున్నాను.